నిటారుగా దిగే విమానం

బడా బజార్, బరంపురం
8 ఫిబ్రవరి 2015

తమ్ముడు అనుదీప్‌కి అన్నయ్య ఆశీస్సులు.

నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. నీ సంగతులు రాయమని అడగను. అడిగినా నువ్వు రాసేది నాలుగు ముక్కలే: క్షేమం, ఎండలు, పని ఎక్కువ, ఉంటాను. దేశంలో టెలిగ్రాములు ఎత్తేశారు బాబూ. ఆ కబురు మీ గోవాకి ఇంకా చేరినట్టు లేదు.

ఇకమీదట నాకు ఫోను చేయకు. నా చెవులు పూర్తిగా పోయాయి. చిన్నప్పటి నుంచి డోళ్ల పక్కన నిలబడితే ఇలాగే అవుతుందని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. వేషాల కొట్టువాడు డోళ్ల పక్కన కాక ఇంకెక్కడ నిలబడతాడు? చెవికి మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే బజారంతా ఒకేసారి అరుస్తుంది, మనిషి మాట మాత్రం తెలియదు. తీసి డబ్బాలో పడేశాను. మీ వదిన మాటలు పెదాలు చూసి పట్టేస్తాను, పాతికేళ్ల అభ్యాసం. మిగతావాళ్ల కోసం కొట్లో ఒక పలకా బలపమూ పెట్టాను.

ఆ పలక మీద నిన్న జరిగిన యుద్ధం చెప్తాను. ఠాకురాణి యాత్ర దగ్గరపడింది కదా, రెండేళ్లకోసారి వచ్చే పండగ, కొట్లో కాలు పెట్టే చోటు లేదు. అందరూ పులి ముసుగులూ తోకలూ చూస్తూ చూస్తూ అమ్మవారి పటం పక్కనున్న నీ ఫోటో దగ్గర ఆగిపోతారు. హెల్మెట్ పెట్టుకుని విమానంలో కూర్చున్నావే, అది. నేను అడక్కుండానే చెప్తాను. మా తమ్ముడు, సీ హారియర్ అనే యుద్ధ విమానం నడుపుతాడు, అది ఓడ మీద నిటారుగా దిగుతుంది, పరిగెత్తనక్కర్లేదు అని. పక్క కొట్టు వెంకటరమణమూర్తి, చింతపండు వ్యాపారి, నీకు తెలుసుగా, పలక లాక్కుని రాశాడు: "ఏటి, నిటారుగా దిగీడానికి అదేటి కొబ్బరికాయా? రెక్కలున్నదేదైనా పరిగెత్తాల." నలుగురి ముందూ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ విమానం ఎలా దిగుతుందో వివరంగా రాయి. మూర్తి మొహాన కొడతాను.

అసలు సంగతి ఇది. ఆ రకం విమానమొకటి సముద్రంలో పడిపోయిందని ఎప్పుడో పేపర్లో చదివిన రోజు, నీ పేరున బుఢీ ఠాకురాణికి మొక్కుకున్నాను. నువ్వు క్షేమంగా ఉంటే నీ చేత పులివేషం కట్టించి, ఊరేగింపులో ఆడిస్తానని. ఈ యాత్రకి నువ్వు రావాలి. నీకు సెలవు ఎలా దొరుకుతుందో నాకు అనవసరం.

అన్నయ్య
శ్యామసుందర్

---

వాస్కో, గోవా
2 మార్చి 2015

అన్నయ్యకీ వదినకీ నమస్కారాలు.

ఈసారి పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, టెలిగ్రాము కాదు. నీ చెవుల సంగతి చదివి రెండు రోజులు మనసు బాగోలేదు. ఆ మిషను మళ్లీ పెట్టుకో. రోజుకో గంట పెట్టుకుంటూ ఉంటే అలవాటవుతుందని మా డాక్టరు గారన్నారు.

మూర్తి గారికి ఇలా చెప్పు. విమానం కడుపుకి అటు రెండు, ఇటు రెండు, నాలుగు గొట్టాలుంటాయి. ఇంజన్ వేడిగాలి వాటిలోంచే బయటికి వస్తుంది. గొట్టాల మూతులు వెనక్కి తిప్పితే విమానం ముందుకు పోతుంది. కిందికి తిప్పితే ఆ గాలి మీదే ఆకాశంలో నిలబడుతుంది. నీళ్ల పైపు చేత్తో పట్టుకుని కుళాయి పూర్తిగా తిప్పితే పైపు మన చేతిని వెనక్కి తోస్తుంది కదా, అంతే సూత్రం. అయితే బరువు మీదున్నప్పుడు నిటారుగా లేవలేదు. ఓడ ముక్కు దగ్గర ఎత్తుగా కట్టిన వాలు మీద కాస్త పరిగెత్తి ఎగురుతుంది. దిగేటప్పుడు మాత్రం ఓడ పక్కకు వచ్చి గాల్లో ఆగి, మెల్లగా పక్కకు జరిగి, ఓడ మీదకు వచ్చి దిగుతుంది. అలా నిలబడినప్పుడు ఇంజన్ కాలిపోకుండా లోపలికి నీళ్లు చిమ్ముతాం. ఆ నీళ్లు నిమిషమున్నరకే వస్తాయి. ఆలోగా దిగిపోవాలి. మొదటిసారి చూసినప్పుడు నాకూ నమ్మబుద్ధి కాలేదు. మూర్తి గారిది తప్పేమీ కాదు.

యాత్రకి రాలేను. ఓడ బయలుదేరుతోంది. ఎక్కడికో, ఎన్నాళ్లో రాయకూడదు.

ఇంకో మాట, ఎప్పటి నుంచో చెప్పాలనుకుంటున్నాను. నేను విమానం నడపను అన్నయ్యా. నేను ఇంజన్ మెకానిక్‌ని. నడిపే ఆఫీసర్లు వేరే. నేను కిందే ఉంటాను. బజార్లో వేరేలా చెప్పకు, నాకు ఇబ్బందిగా ఉంటుంది. నా గురించి ఏ భయమూ పెట్టుకోకు.

ఉంటాను.
అనుదీప్

---

బరంపురం
20 మార్చి 2015

చిరంజీవి అనుదీప్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కంగారుపడ్డాను. రెండోసారి ఆలోచనలో పడ్డాను. మూడోసారి అర్థమైంది. నా తమ్ముడు తెలివైనవాడు అనుకున్నాను.

ఓడ ఎక్కడికి పోతోందో రాయకూడదన్నావు. ఆ వెంటనే "నేను నడపను, కిందే ఉంటాను" అని రాశావు. మీ ఉత్తరాలు పైవాళ్లు విప్పి చూస్తారని నాకు తెలియదా? నడిపేవాడు నడుపుతున్నానని రాసుకుంటాడా? నువ్వు నేర్చుకున్నది నాన్న కొట్లోనేగా. వేషం కట్టినవాడు యాత్ర అయ్యేదాకా నేను ఫలానావాణ్ణని అనకూడదు, మనమూ పేరు పెట్టి పిలవకూడదు. నాన్న నియమం అదే. కచ్చేరీలో హెడ్ గుమాస్తా ఒకాయన మొక్కు ఉండి బిచ్చగాడి వేషంతో మన కొట్టు ముందుకే వచ్చి చెయ్యి చాచాడు. పొద్దున్నే ఆ చినిగిన చొక్కా అద్దెకిచ్చిందీ మనమే. నాన్న ఒక్క అరటిపండు చేతిలో పెట్టి "పో, పో" అన్నారు. ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నువ్వప్పటికి పుట్టలేదు. ఆ రక్తమే నీది.

కాబట్టి ఇకనుంచి నువ్వు "ఇంజన్ చూసుకుంటాను" అని రాస్తే నేను అర్థం చేసుకుంటాను. నేనూ "ఇంజన్ ఎలా ఉంది" అనే అడుగుతాను. మన మధ్య ఆ మాట చాలు.

మీ వదినకి ఇదంతా చెప్తే ఆవిడ నమ్మలేదు. "బాబు మెకానిక్కని సెప్తే మెకానిక్కే. మీరేటి, లేనిది కట్టుకుంటారు" అంది. ఫోనులో నువ్వు ఆవిడకీ అదే చెప్పావట. బాగా చేశావు. ఫోను ఎవరైనా వింటారు.

గొట్టాల సంగతి బొమ్మ గీసి మూర్తికి చూపించాను. చాలాసేపు చూసి పలక మీద రాశాడు: "మరి నీళ్లైపోతే?"   నిమిషమున్నర అంటే ఎంత? నిన్న గడియారం ముందు పెట్టుకుని చూశాను. ముసుగుకి తాడు ముడి వేసేలోపు అయిపోయింది.

మొక్కు వచ్చే యాత్రకి తీరుస్తానని అమ్మవారికి చెప్పుకుని వచ్చాను. రెండేళ్లు ఆగమన్నాను. ఆగుతుంది. ఇంజన్ జాగ్రత్త.

అన్నయ్య

---

వాస్కో, గోవా
16 మే 2016

అన్నయ్యా,

ఏడాది పైనే అయింది, ఏది రాసినా నువ్వు దాన్ని తిరగేసి చదువుతున్నావు. పోయిన నెల "ఇక్కడ వాన పడింది" అని రాస్తే, "గొడుగు ఎటువైపు పట్టావు" అని అడిగావు. అది వానే అన్నయ్యా. నీళ్లు.

ఈసారి రాసేది కూడా ఉన్నది ఉన్నట్టే చదువు. మా విమానాలకి మొన్న వీడ్కోలు చెప్పేశాం. పాతబడ్డాయి, విడిభాగాలు దొరకవు. చివరిసారి ఎగిరి దిగాక రెండు వైపుల నుంచీ ఫైరింజన్లు నీళ్లు చిమ్మి స్వాగతం చెప్పాయి. నేను గుడ్డ తీసుకుని అలవాటు కొద్దీ గొట్టం మూతి తుడిచాను. తుడవక్కర్లేదని మా పెద్దాయన భుజం మీద చెయ్యేశారు. అందరి ముందూ ఏడ్చాను. పదేళ్లు దాన్నే చూసుకున్నాను కదా. ఇంట్లో మనిషిని సాగనంపినట్టు ఉంది.

ఇక ఆ విమానాలు ఎగరవు. ప్రదర్శనలో పెడతారట. నన్ను కొచ్చికి పంపుతున్నారు, అక్కడ వేరే రకం ఇంజన్ మీద శిక్షణ. క్లాసులో కూర్చుని పాఠాలు, పరీక్షలు. అంతకు ముందూ నేను ఎగరలేదు. ఇప్పుడు ఎగరడానికి విమానం కూడా లేదు. ఇంకేం భయం చెప్పు?

వదినకి నమస్కారాలు.
అనుదీప్

---

బరంపురం
9 జూన్ 2016

అనుదీప్,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ రాత్రిళ్లు లేచి దాన్నే మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

అలాంటి విమానం లోకంలో ఎక్కడో గాని లేదని నువ్వే చెప్పావు. దాన్ని పక్కన పెట్టేస్తారా? ముప్పై మూడేళ్లవాణ్ణి తీసుకెళ్లి బడిలో కూర్చోబెడతారా? నువ్వు అందరి ముందూ ఏడ్చావని రాశావు. నాన్న పోయినప్పుడు నీకు రెండేళ్లు, అమ్మ పోయినప్పుడు మూడేళ్లు, ఎందుకు ఏడవాలో తెలియదు. ఆ తర్వాత నువ్వు ఏడ్చినట్టు నేను ఎరగను, సైకిలు మీంచి పడి పన్ను ఊడినప్పుడు కూడా. అటువంటివాడు విమానం కోసం ఏడ్చాడంటే నేను నమ్మాలా? ఎక్కడికో పంపుతున్నారు. తిరిగి వస్తానో రానోనని ఏడ్చావు. పేరుకి కొచ్చి అని రాశావు.

ఇదంతా చెప్తే మూర్తి కూడా ఈసారి నవ్వలేదు. పలక మీద "అలాగే ఉంటాది" అని రాసి, చెరిపేసి, అరకిలో చింతపండు ఊరికే ఇచ్చి వెళ్లాడు. వాడు ఊరికే ఇచ్చాడంటే ఏదో ఉంది.

నేను గుడికి వెళ్లాను. రెండో మొక్కు మొక్కాను. నువ్వు ఉన్నచోటు నుంచి క్షేమంగా రావాలి, దానికి నేనే పులివేషం కడతాను. వచ్చే చైత్రంలో ఎనిమిది రోజులు, రోజూ పగలంతా. ఊళ్లోవాళ్లందరికీ తోకలు కట్టాను గాని నేను ఎప్పుడూ ఆడలేదు. మసేను నీకు గుర్తుండాలి, కొడల ఊరి నుంచి వచ్చే పులివేషం గురువు. ఆయన దగ్గర అడుగులు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆయన డోలు నాకు వినపడదు. దాని మీద చెయ్యి ఆనించి దరువు పట్టుకుంటున్నాను.

నీకు ఇందులో చెప్పేదేమీ లేదు. నువ్వు నీ పాఠాలు చదువుకో. అర్థమైందిగా, పాఠాలు.

అన్నయ్య

---

కొచ్చి
14 జనవరి 2017

అన్నయ్యా,

నిన్న వదినతో మాట్లాడాను. నువ్వు దాచిందంతా చెప్పింది. "గుండెకి రెండు స్ప్రింగులేసేరు బాబూ, దసరాల ముందు. నీకు రాయొద్దని ఒట్టేయించుకున్నారు. మెట్లు కూడా మెల్లగా ఎక్కమన్నాడు డాక్టరు. ఈయనేటంటే రోజూ మసేను కాడికెల్లి గెంతుతున్నారు. నా మాట ఇనరు. నువ్వైనా సెప్పు" అని ఏడ్చింది.

నీకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నేను నిజం రాస్తే వేషం అంటావు. గట్టిగా రాస్తే పైవాళ్ల కోసం అంటావు. చైత్రమాసం ఎండలో, ఒళ్లంతా రంగు పూసుకుని, ఎనిమిది రోజులు ఆడితే నీ గుండె ఆగిపోతుంది. ఎవరి కోసం? కుర్చీలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్న నా కోసం. నేను ఏ యుద్ధానికీ పోలేదు. ఇక్కడ మధ్యాహ్నం మీనుకూర వండుతారు, నాకు పడదు. నా కష్టం అదొక్కటే.

ఇందులో ఒక ఫోటో పెడుతున్నాను. ఇంజన్ ముందు నేను, చేతినిండా గ్రీజు. చూడు. ఏప్రిల్ మొదటి వారంలో నాకు సెలవు ఖాయమైంది. నేనే వచ్చి పులివేషం కడతాను, మొదటి మొక్కు నాదేగా. రెండోదీ నేనే తీరుస్తాను. నువ్వు మాత్రం అడుగు వేయొద్దు. నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

అనుదీప్

---

బరంపురం
4 ఫిబ్రవరి 2017

చిరంజీవి అనుదీప్,

మీ వదిన ఒట్టు తప్పింది. రెండు రోజులు నేను ఆవిడ మొహం వైపు చూడలేదు. చూడకపోతే ఆవిడ ఏమన్నా నాకు తెలియదు. అంతకంటే పెద్ద శిక్ష ఆవిడకి లేదు.

ఫోటో చూశాను. వేషం బాగా కుదిరింది. ఒక్కటే లోపం, గ్రీజు ఎక్కువైంది. చెవి వెనక దాకా మసి పూశారు. చూసేవాడికి అనుమానం వస్తుంది. వేషం ఎప్పుడూ కాస్త తక్కువగా ఉండాలి, మిగతాది చూసేవాడే నింపుకుంటాడు. ఇది నీకు కట్టినవాడికి చెప్పు.

నువ్వు వచ్చి ఆడతానన్నావు. కుదరదు. ఒక వేషంలో ఉన్నవాడు అది విప్పకుండా ఇంకొకటి కట్టకూడదు. అమ్మవారి ముందు అది దొంగతనం. మెకానిక్ వేషంలో ఉన్నవాడికి నేను పులితోక ఎలా కడతాను? నువ్వు విప్పలేవు. ఎందుకు విప్పలేవో నాకు తెలుసు కాబట్టి అడగను.

నా గుండె బాగానే ఉంది. మసేను రెండు అడుగులకోసారి ఆగి నా నాడి చూస్తాడు. ఆయనకి నాడి చూడటం రాదు, అది వేరే సంగతి. పోతే పోతాను. నాకు యాభై ఒకటి. నువ్వు తిరిగి రావడం ముఖ్యం. నువ్వు లేకుండా ఈ కొట్టూ ఈ ముసుగులూ నాకెందుకురా?

అన్నయ్య

---

కొచ్చి
19 ఫిబ్రవరి 2017

అన్నయ్యా,

పదిరోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివాక నువ్వు నా మొహం చూడకపోయినా సరే, నువ్వు బతికి ఉంటే చాలు.

వేషం కట్టినవాడు నేను ఫలానావాణ్ణని చెప్పడు. నిజమే. ఇంకొకటి కూడా చెప్పడు, వేషం ఎవరి దగ్గర తెచ్చుకున్నాడో. నేను చెప్తున్నాను. నాది మెకానిక్ వేషం కాదు. వేషం ఆ కొట్లో ఉన్న ఫోటోలో ఉంది.

ఆ ఫోటో కిందికి దించి చూడు. ముప్పై ఏళ్లుగా ఊరందరి తలలకీ ముసుగులు సరిచేస్తున్నావు. ఆ హెల్మెట్ నా తలకి సరిపోయిందా? అది నాది కాదు. మనీష్ అని మా పైలట్ గారిది. లోపల అంచు మీద ఆయన పేరు రాసి ఉంటుంది. కాక్‌పిట్‌లో మీటలు పరీక్ష చేయడానికి ఎక్కాను, ఒక్క ఫోటోకి ఇవ్వండి సార్ అని అడిగి పెట్టుకున్నాను. ఫోటో వెనక "నేనూ నా విమానం" అని రాసింది నేనే. నువ్వు పొరబడాలనే రాశాను. పొరబడ్డావని తెలిసి సంతోషపడ్డాను. నాలుగేళ్లు నోరు మూసుకున్నాను. తర్వాత నిజం చెప్పినప్పుడు కూడా, నువ్వే ఏదో అనుకున్నట్టు రాశాను గాని, నేనే అనిపించానని రాయలేదు.

ఎందుకు చేశానో చెప్తాను. నా కోసం నువ్వు కాలేజీ మానేసి కొట్లో కూర్చున్నావు. నాకు అన్నం పెట్టావు, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నావు. ఆఫీసరు పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. నీకు చెప్పలేదు. ఇంత చేస్తే వీడు చివరికి మెకానిక్కే అయ్యాడా అని నువ్వు అనుకుంటావని భయపడ్డాను. అబద్ధం ఆడాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

మనీష్ గారు బాగున్నారు. ఒకసారి పక్షి తగిలి ఇంజన్ ఆగిపోతే, కూర్చున్న కుర్చీయే ఆయన్ని బయటికి విసిరేసింది. పారాషూట్ విచ్చుకుని సముద్రంలో దిగారు, రెండు పక్కటెముకలు విరిగాయి, అంతే. ఇప్పుడు కుర్రాళ్లకి పాఠాలు చెప్తున్నారు.

నా పని ఇది. విమానం ఓడ మీద దిగేటప్పుడు మేం నలుగురం డెక్ అంచున ఒంగి కూర్చుంటాం. వేడిగాలి మొహానికి కొడుతుంది. చక్రాలు ఆనగానే పరిగెత్తి కిందికి దూరి, చక్రాలకి అడ్డు పెట్టి, గొలుసులతో కట్టేస్తాం, ఓడ ఊగినా జారిపోకుండా. తర్వాత ఇంజన్ చల్లారేదాకా కిందే ఉండి గొట్టాలు చూస్తాను. అదే పదేళ్లు చేశాను. నాకు ఇష్టమైన పని.

ఆడకు అన్నయ్యా. నేను ఎగరలేదు.

అనుదీప్

---

బరంపురం
11 మార్చి 2017

అనుదీప్,

ఫోటో దించాను. కొలత టేపు పెట్టి చూశాను. అంత చిన్న ఫోటోలో టేపు పెట్టి ఏం కొలుస్తారని మీ వదిన నవ్వింది. టేపు అక్కర్లేదు, కళ్లకే తెలుస్తోంది. రెండు వేళ్లు వదులు. గడ్డం దగ్గర పట్టీ వేలాడుతోంది. మన కొట్లో అలాంటి ముసుగు ఇచ్చి ఎవరినీ గుమ్మం దాటనివ్వను. ఆరేళ్లుగా రోజూ దణ్ణం పెట్టేచోట పెట్టుకుని నేను చూడలేదు.

నాలుగు రోజులు ఆ ఫోటోని బల్ల మీద బోర్లించి ఉంచాను. కోపం నీ మీదా, నా మీదా తెలియలేదు. ఐదో రోజు మూర్తిని పిలిచి నా అంతట నేనే చెప్పాను, వాడు పైలట్ కాడు, మెకానిక్ అని. మూర్తి పలక మీద రాశాడు: "మంచిదే గదా. మా మిల్లు మోటారు సూసిపెడతాడేటి?" ఇంత పెద్ద విషయానికి వాడి జవాబు అది. నాకు మొదట ఉక్రోషం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది.

నువ్వు రాసిన ఒక మాటకి మాత్రం నాకు ఏడుపొచ్చింది. మీ వదిన ముందే ఏడ్చాను. చివరికి మెకానిక్కే అయ్యాడా అనుకుంటాననుకున్నావా? నేను కాలేజీ మానింది నువ్వు ఆఫీసరువి కావాలని కాదురా. నీకు మూడేళ్లు, నాకు ఇరవై, ఇంట్లో ఇంకెవరూ లేరు. నువ్వు అన్నం తిని పడుకుంటే చాలనుకున్నాను. ఆ తర్వాత నువ్వేమైనా నాకు లాభమే. ఈ ముక్క ముప్పై ఏళ్లలో ఒక్కసారి నోటితో చెప్పి ఉంటే నువ్వు ఆ హెల్మెట్ అడుక్కునేవాడివి కాదు. చెప్పలేదు. నా తప్పు.

మొక్కు సంగతే తేలలేదు. ఎగిరేవాడి కోసమని మొక్కాను, ఎగిరింది ఇంకొకడు. మరి ఈ మొక్కు ఎవరిది, తీర్చాలా వద్దా? మసేనుని అడిగితే తెలియదన్నాడు. గుడి దగ్గర అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. నాకు మతిపోయింది.

అప్పుడు నీ ఉత్తరం మళ్లీ తీశాను. ఈసారి తిరగేసి కాదు, ఉన్నది ఉన్నట్టు చదివాను. పైనున్నవాడికి ఆపద వస్తే కుర్చీ విసిరేస్తుందన్నావు, పారాషూట్ విచ్చుకుంటుందన్నావు. బాగుంది. మరి కిందున్నవాడికి ఏముంది? అన్ని టన్నుల ఇనుము, నిటారుగా, నిమిషమున్నర నీళ్లతో దిగుతుంటే, దాని కిందికి పరిగెత్తేది నువ్వు. నీ నెత్తి మీద ఏముంది, టోపీయా?  ఇన్నేళ్లూ నిన్ను ఆకాశంలో వెతుక్కుంటూ భయపడ్డాను. భయపడాల్సిన చోటు అది కాదు. అమ్మవారికి ఆ పొరపాటు లేదు. నేను ఎటు చూసి మొక్కినా ఆవిడ నువ్వున్న చోటే చూసింది.

కాబట్టి రెండు మొక్కులూ నీవే. నేను ఆడను. మీ వదిన ముందు, మసేను ముందు చెప్పేశాను. మసేను నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు, నా అడుగులు అంత బాగున్నాయన్నమాట. ఇప్పుడు నీ ఒంటి మీద ఏ వేషమూ లేదు, నువ్వు కట్టొచ్చు. నేను గొడుగు పట్టుకుని పక్కన నడుస్తాను. చెవి మిషను కూడా పెట్టుకుంటాను. బజారంతా ఒకేసారి అరిస్తే అరవనీ, ఆ అరుపు నీకోసమే కదా.

ఏప్రిల్ దాకా ఆగకుండా వెంటనే జవాబు రాయి. నువ్వు ఇల్లు వదిలి పద్నాలుగేళ్లయింది, వచ్చినా రెండు రోజులు ఉండి పోతావు, నీ కొలతలు నా దగ్గర లేవు. మసేను నీ తోక కుట్టించాలి. నడుము ఎంతో రాసి పంపు.

అన్నయ్య
శ్యామసుందర్